ఖాళీ పీపా ఖాళీ కాదు: అమీను ద్రవములను గూర్చి యొక పాఠము

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు తఱచుగా వ్రాయుచుండు నేను ఈ మాసమున ఒక పీపాను గూర్చి వ్రాయుచున్నాను. వేసవి సమీపించినకొలది నీరు నిలువ చేసికొనుటకును, ఎడ్లకు కుడితి పెట్టుటకును, పైరుమందులు కలుపుకొనుటకును మన గ్రామములలో 200 లీటర్ల పీపాలకు గిరాకీ హెచ్చును. క్రొత్తవాని వెల భరింపలేనివారు పాత సామానుల అంగళ్లలో, కర్మాగారములనుండి వచ్చిన పీపాలను చౌకగా కొనుచున్నారు. అట్టి పీపాలో పూర్వము ఏమి యుండెనో కొన్నవాడెఱుగడు, అమ్మినవాడు చెప్పడు. అచ్చుతాపురమునందును, పరవాడయందును ఔషధ, రసాయన కర్మాగారములు గల జిల్లాలో కాపురముండు మనము ఈ సంగతిని ఉపేక్షింపరాదు.

గత వేసవిలో మా సంఘ కార్యస్థానము వెనుక ఆవరణమున జరిగినది చెప్పెదను. సభ్యుడొకడు రెండు ఇనుప పీపాలను కొని బండిమీద తెచ్చెను. ఒకదానిని నడిమికి కోయించి రెండు కుడితితొట్లు చేయించుకొనవలెనని యతని యూహ. వెల్డింగు పనివాడు గ్యాసు కట్టరు వెలిగించుటకు సిద్ధపడుచుండెను. పీపాను వంచి చూడగా ఒక చుక్కయైన రాలలేదు. “ఏమీ లేదు బాబూ, ఎప్పుడో ఎండిపోయింది” అని యతడు నాతో పలికెను. ఇంతలో అతని భార్య ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని, “ఏమీ లేకపోతే ఈ కంపెక్కడిదయ్యా? గొడ్లసావిట్లో ఎండుచేపలు కుళ్లినట్టుంది” అనెను. నేను దగ్గఱకు పోయి చూడగా, పీపా ప్రక్కను చినిగిన కాగితముమీద ఎఱ్ఱని గుర్తులో అగ్నిజ్వాల బొమ్మయు, దాని క్రింద “అమీను” అని ముగియు నొక పేరు తుదిభాగమును కానవచ్చెను. వెంటనే పని మాన్పించితిని. ఆ యిల్లాలు వాసన కనిపెట్టకున్నచో ఆ దినమున ఏమి జరిగియుండునో ఈ పాఠము ముగియునప్పటికి మీకే తెలియగలదు.

1. అమీను అనగానేమి?

కోర్టు అమీనును మనమెఱుగుదుము. అతడు ఇంటికి వచ్చిన ఆస్తి జప్తగును. ఇది వేఱు అమీను. ఇది యింటికి వచ్చినచో ప్రాణములకే జప్తు.

అమ్మోనియా అను వాయువును మీరెఱుగుదురు. మూసియుంచిన గొడ్లసావడిని తెల్లవాఱుజామున తెఱచినప్పుడు కన్నులను మండించు ఘాటు అదియే. యూరియాకు మూలపదార్థమును అదియే. అమ్మోనియాయందు ఒక నత్రజని పరమాణువుతో మూడు ఉదజని పరమాణువులు కూడియుండును. ఆ మూటిలో ఒకటిగాని, రెండుగాని, మూడును గాని తొలగి, వాని స్థానమున కర్బనముతో కూడిన సమూహములు చేరినచో అమీను ఏర్పడును. కావున అమీను అమ్మోనియాకు బిడ్డ యనదగును. తల్లినుండి దీనికి ఘాటును, చర్మమును తినివేయు క్షారగుణమును వచ్చినవి. కర్బనమునుండి పెట్రోలువలె మండు గుణము వచ్చినది. అమ్మోనియా గాలిలో నూటికి 15 పాళ్లు చేరినగాని అంటుకొనదు. ఈ పాఠమునకు ఉదాహరణముగా గైకొన్న ఐసోప్రొపైల్ అమీను నూటికి 2 పాళ్లు చేరిన చాలును. తల్లికంటె బిడ్డ యెంత త్వరగా మండునో దీనివలన గ్రహింపుడు.

ఈ కుటుంబము పెద్దది. మోనోమిథైల్ అమీను, డైమిథైల్ అమీను సాధారణపు వేడిమియందు వాయువులు. ఐసోప్రొపైల్ అమీను, డైఇథైల్ అమీను, ట్రైఇథైల్ అమీను ద్రవములు. ఔషధములు, రంగులు, రబ్బరు సామానులు, పైరుమందులు తయారుచేయుటకు ఇవి యావశ్యకములు. ఇవి లేక నేటి పరిశ్రమలు సాగవు. రైతునకును వీనితో సంబంధము పాతదే. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలు నగరమున వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేటు అమీను కాదు. కాని దానిని చేసినది మోనోమిథైల్ అమీనును ఫాస్జీను అను విషవాయువుతో కలిపియే. దానినుండి చేయుచుండినది కార్బరిల్ అను పురుగుమందు. మన పొలములలోను ఒకప్పుడు చల్లిన ఆ మందును భారత ప్రభుత్వము 2018లో నిషేధించెను.

2. మండునది ద్రవము కాదు, ఆవిరి

ఈ పాఠమునకు మూలసూత్రమిది. మండు ద్రవములన్నిటియందును మంట పట్టునది ద్రవము కాదు. దానినుండి లేచి గాలితో కలసిన ఆవిరి. కిరసనాయిలు ఇంచుమించు 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి దాటినగాని అంటుకొనదగినంత ఆవిరి నీయదు. ఐసోప్రొపైల్ అమీను నీరు గడ్డకట్టు చలికి ఇంకను 37 డిగ్రీల క్రిందనే అట్టి ఆవిరి నిచ్చును. అనగా మన దేశమున ఏ ఋతువునందైనను, ఏ గడియయందైనను అది అంటుకొనుటకు సిద్ధముగనే యుండును.

ఇంకొక సంగతి. నీరు 100 డిగ్రీలకు మరగును. ఈ ద్రవము సుమారు 32 డిగ్రీలకే మరగును. నర్సీపట్నమున ఎండలు 40 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి దినమున పొయ్యి లేకయే, ఎండకే ఇది మరగును. బిగించిన పీపాలో నున్నచో లోపలి ఒత్తిడి పెరిగి పీపా ఉబ్బును. ఉబ్బిన పీపా మూతను విప్పుటకు ప్రయత్నించినచో ద్రవమును ఆవిరియు మొగముమీదికి చిమ్మును.

ఆవిరి యనగానే పొగవలె పైకెగసిపోవునని తలంచుచున్నాము. అది పొరబాటు. ఈ ఆవిరి గాలికంటె రెట్టింపు బరువు గలది. కన్నులకు కనబడక, బోదె వెంట నీరు పాఱినట్లు నేలబారున పల్లమునకు పాఱును. మురుగుకాలువలోనికిని, గోతిలోనికిని, నూతిలోనికిని దిగి నిలుచును. దూరమున ఇంటి పొయ్యియో, బీడియో, మోటారు స్విచ్చియో దానికి తగిలినచో, మంట ఆవిరి వచ్చిన దారినే వెనుకకు పరుగెత్తి పీపాను చేరును. “నిప్పు అక్కడ లేదుకదా” అను ధైర్యము ఇందువలన పనికిరాదు.

3. ఖాళీ పీపా లెక్క

ఇప్పుడు మొదటి కథకు వత్తము. చుక్కయైన రాలని పీపా ఏల ప్రమాదకరము? లెక్క వేసి చూతము.

ఐసోప్రొపైల్ అమీను ఆవిరి గాలిలో నూటికి 2 పాళ్లకు తక్కువైనను అంటుకొనదు. సుమారు 10 పాళ్లకు మించినను అంటుకొనదు. ఈ రెంటి నడుమ నున్నప్పుడు నిప్పురవ్వ తగిలిన తత్‌క్షణము ప్రేలును. 200 లీటర్ల పీపాలో నూటికి 2 పాళ్లనగా 4 లీటర్ల ఆవిరి. అంత ఆవిరి నిచ్చుటకు కావలసిన ద్రవము సుమారు 15 మిల్లీలీటర్లు. అనగా మూడు చిన్న చెంచాలు. నూటికి 10 పాళ్లనగా 20 లీటర్ల ఆవిరి. దానికి కావలసిన ద్రవము సుమారు 70 మిల్లీలీటర్లు. అనగా ఒక చిన్న టీ గ్లాసెడు. కాబట్టి పీపాలో మూడు చెంచాలనుండి టీ గ్లాసెడు వఱకు ద్రవము ఆవిరియై నిలిచియున్నచో ఆ పీపా సిద్ధముగా నున్న బాంబుతో సమానము.

బోర్లించిన పీపా అంచు మడతలోను, అతుకులలోను నిలిచియుండు తడి యెంత? నూనెడబ్బాను బోర్లించి ఖాళీ చేసిన పిమ్మట ఒక గడియ నిలువబెట్టి మరల వంచి చూడుడు. ఎన్ని చెంచాల నూనె దిగునో మీకే తెలియును. పీపాయందును అట్లే.

నిండు పీపాలో ద్రవముపైనున్న కొంచెపు చోటు చిక్కని ఆవిరితో నిండియుండును. గాలి చాలనందున లోపల ప్రేలుడు కలుగుట అరుదు. మూతియొద్ద మాత్రము మండగలదు. ద్రవము తీసివేసిన పిమ్మట గాలి లోనికి చొచ్చి ఆవిరిని పలుచబఱచి, సరిగా ప్రేలుడునకు తగిన పాలునకు తెచ్చును. అందుచేతనే నిండు పీపాకంటె ఖాళీ పీపాకు ప్రేలుడుగుణ మెక్కువ. ఖాళీ పీపా ఖాళీ కాదు. కంటికి కనబడనిదానితో నిండియున్నది. గ్యాసు కట్టరు, వెల్డింగు, గ్రైండరు, ఇనుప సుత్తిదెబ్బ, లోపల చూచుటకు గీచిన అగ్గిపుల్ల, వీనిలో ఏ యొక్కటియైనను చాలును.

“కడిగిన సరిపోదా?” యని అడుగుదురు. ఈ ద్రవము నీటిలో కలియునది నిజమే. కాని ఒకటి రెండు బిందెల నీటితో కడిగినంతమాత్రమున అతుకులలోని తడి పోవునని చెప్పజాలము. కడిగిన నీరు కాలువలోనికి పోయినచో చేపలు చచ్చును. బ్లీచింగు పొడితో కడుగుట మఱింత ప్రమాదము. బ్లీచింగు అమీనుతో తీవ్రముగా కలహించి ఘాటైన విషవాయువుల నిచ్చును. ఎండబెట్టుటయు ఉపాయము కాదు. పూర్వము ఏ రసాయనముండెనో తెలియని పీపాను ఎన్నిసారులు కడిగినను, త్రాగునీటికిగాని, ధాన్యమునకుగాని, పశువుల కుడితికిగాని వాడరాదు.

చట్టమును ఈ మాటయే చెప్పుచున్నది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము, ప్రమాదకర రసాయనములు అంటియున్న ఖాళీ పీపాలు సయితము ప్రమాదకర వ్యర్థములే. వానిని శుద్ధిచేయుటకు అనుమతి పొందినవారికే కర్మాగారమువారు అప్పగింపవలెను. శుద్ధి కాని పీపా అంగడికి వచ్చినదనగా ఎచ్చటనో నిబంధన తప్పినదని యర్థము.

4. మన జిల్లాయందును, పొరుగునను జరిగినవి

ఆవిరిని గూర్చి నేను చెప్పినది పుస్తకపు మాటగా తోచవచ్చును. మన కన్నులయెదుట జరిగిన రెండు సంగతులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రెంటిలోను ద్రవము అమీను కాదు. ఆవిరి నడచిన నడక మాత్రము ఒక్కటే.

2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్నమునొద్ద వెంకటాపురమున ప్లాస్టిక్కు కర్మాగారపు తొట్టిలో నిలువయున్న స్టైరీను అను ద్రవము వేడెక్కి ఆవిరియై వెలికివచ్చెను. స్టైరీను ఆవిరి గాలికంటె మూడు రెట్లకు పైగా బరువైనది. అది నేలబారున వ్యాపించి నిద్రించుచున్నవారి యిండ్లలో ప్రవేశించెను. పరుగెత్తినవారిలో కొందఱు వీధులలోనే పడిపోయిరి. 12 మంది మరణించిరి; పశువులును చచ్చెను. అచ్చట మంట లేదు. ఊపిరికి తగిలిన ఆవిరియే చాలినది.

2024 ఆగస్టు 21వ తేదీ మధ్యాహ్న భోజనవేళ అచ్చుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలమునందలి యొక ఔషధ కర్మాగారమున ఒక ద్రావకము కారి, దాని ఆవిరి భవనములో వ్యాపించి, నిప్పు తగిలి ప్రేలెను. గోడలు కూలెను, 17 మంది మరణించిరి. అచ్చట ఊపిరికంటె ముందుగా నిప్పురవ్వ పనిచేసినది.

మన గ్రామముల యువకులనేకులు ఆ కర్మాగారములకు పోయి పనిచేయుచున్నారు. తండ్రులు, అన్నలు వారిని ఈ ప్రశ్నలడుగవలెను. ద్రవము ఒక పీపానుండి మఱియొకదానికి పోయునప్పుడు రెండు పీపాలను తీగతో కలిపి భూమికి తగిలించుచున్నారా? పాఱు ద్రవమున స్థిరవిద్యుత్తు పుట్టును; భూమికి తగిలింపనిచో రవ్వ యెగురును. సెల్‌ఫోనును, అగ్గిపెట్టెను ద్వారమువద్దనే యుంచుచున్నారా? కన్నులకు అద్దములు, చేతులకు రసాయనము చొరని తొడుగులు ఇచ్చుచున్నారా? సైరను మ్రోగినచో ఏ దారిని పోవలెనో అభ్యాసము చేయించినారా? కూలికొఱకు పోయినవాడు ఈ ప్రశ్నలడుగుట పొగరు కాదు. అది వాని హక్కు.

5. కలుపుమందు డబ్బామీద అమీను

ఇంతవఱకు చదివి, ఇంటిలోని కలుపుమందు డబ్బాను చూచి యెవరైనను భయపడవచ్చును. 2,4-డి అను కలుపుమందు డబ్బామీద “డైమిథైల్ అమీను సాల్టు” అని యుండును. గ్లైఫోసేటు డబ్బామీద “ఐసోప్రొపైల్ అమీను సాల్టు” అని యుండును. వీనిలోను అదే అమీను కలదా?

కలదు, కాని రూపము మాఱినది. క్షారగుణము గల అమీను ఆమ్లముతో కలిసినప్పుడు వేడి పుట్టి రెండును ఉప్పుగా మాఱును. ఉప్పైన పిమ్మట అమీనునకు ఎగురు గుణమును, మండు గుణమును పోవును. ఆ యుప్పును నీటిలో కరగించి డబ్బాలో పోయుదురు. కావున పీపాలోని అమీను వేఱు, డబ్బాలోని అమీను సాల్టు వేఱు. మొదటిదానికి నిప్పు భయము. రెండవదానికి అది లేదు. విషభయము మాత్రము పోలేదని మఱువకుడు. కలుపుమందు త్రాగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. గ్లైఫోసేటు వాడుకను పురుగుల నివారణ వృత్తిలో అనుమతి పొందినవారికి పరిమితము చేయుచు 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ఉత్తరువు ప్రకటించినది. కొనబోవు ముందు వ్యవసాయ శాఖవారిని విచారింపుడు.

ఇందొక చిన్న సూక్ష్మము కలదు. గ్లైఫోసేటు కలిపిన నీటిని జస్తా పూసిన ఇనుప తొట్టిలోగాని, పూతలేని ఇనుప డబ్బాలోగాని నిలువయుంచరాదు. మందు లోహముతో కలిసి ఉదజని వాయువును పుట్టించును. ఆ వాయువు నిప్పు తగిలిన ప్రేలును. ప్లాస్టిక్కు పాత్రలోనే కలిపి, కలిపినది ఆనాడే వాడవలెను. అసలు అమీను ద్రవమును రాగిని, ఇత్తడిని, జస్తాను తినివేయును.

6. గుర్తులు చదువుట

అక్షరములు రానివారైనను బొమ్మలు చదువగలరు. రెండు విధములగు గుర్తులు మన కంటబడును. రెండును మూలపై నిలిచిన చతురస్రములే కనుక జనులు పొరబడుచున్నారు.

పైరుమందు డబ్బామీది చతురస్రము రెండు త్రికోణములుగా విభాగింపబడియుండును. క్రింది త్రికోణపు రంగు విషముయొక్క తీవ్రతను తెలుపును. ఎఱుపు అత్యంత విషము. తరువాత క్రమముగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఇది నిప్పును గూర్చి యేమియు చెప్పదు.

రసాయనపు పీపామీదను, టాంకరుమీదను ఉండు గుర్తు వేఱు. చతురస్రమంతయు ఎఱ్ఱగా నుండి, అగ్నిజ్వాలయు, క్రింద 3 అను అంకెయు ఉన్నచో అది మండు ద్రవము. సగము తెలుపు, సగము నలుపు గలిగి, చేతిమీదను లోహముమీదను చుక్కలు పడుచున్న బొమ్మయు 8 అను అంకెయు ఉన్నచో చర్మమును తినివేయునది. ఐసోప్రొపైల్ అమీనునకు ఈ రెండు గుర్తులును ఉండును. దానికి ప్రపంచమంతట వాడుకలోనున్న సంఖ్య 1221. ఈ రెండు గుర్తులు ప్రక్కప్రక్కన కనబడిన పీపాను ఎంత చౌకగా వచ్చినను, ఊరక ఇచ్చినను ఇంటికి తేరాదు.

7. దారిలో టాంకరు బోల్తాపడినచో

నక్కపల్లి, ఎలమంచిలి, అనకాపల్లి మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై రసాయనపు టాంకర్లు పోవుచుండును. ఎప్పుడైనను ఒకటి బోల్తాపడినచో మొట్టమొదట జనులు బిందెలతో పరుగెత్తుట మన దేశమున జరుగుచున్నదే. నూనె యనుకొని పట్టబోయినది అమీనైనచో చేతులు కాలును, కన్నులు పోవును, నిప్పంటినచో గుంపంతయు ఆహుతియగును.

ఏమి చేయవలెను? గాలి యెటునుండి వచ్చుచున్నదో చూడవలెను. కళ్లములో తూర్పారబట్టు రైతునకు ఈ విద్య ఒకరు నేర్పనక్కరలేదు. పొట్టు పోవు దిక్కునకు పోరాదు. గింజ పోయువాడు నిలిచిన దిక్కునకు పోవలెను. ఆవిరిలోనే చిక్కుకొన్నచో దానికి ఎదురుగా పోక, గాలికి అడ్డముగా ప్రక్కకు తప్పుకొని, మెఱక నేలకు చేరవలెను. పల్లమునకు, కాలువలోనికి, నూతివైపునకు పోరాదు. కారినచోటునకు నలుదిక్కుల కనీసము 50 మీటర్ల వఱకు ఎవ్వరిని రానీయరాదు. టాంకరు మంటలలో చిక్కినచో 800 మీటర్ల దూరము తొలగవలెను. దగ్గఱగా మోటారు బండిని స్టార్టు చేయరాదు. దూరముగా పోయిన పిమ్మట 101కిగాని, 112కుగాని ఫోను చేసి, టాంకరు పలకమీది సంఖ్యను దూరమునుండి కనబడినచో చెప్పవలెను. ఆ సంఖ్యను బట్టి వారు తగిన నురుగును, పొడిని తెత్తురు. మన బిందెలతో ఆర్పబోవుట ధైర్యము కాదు, తెలియమి.

8. ఒంటికి తగిలినచో

ద్రవము చర్మమున పడినచో తడిసిన బట్టలను వెంటనే విప్పి, ధారగా పాఱు నీటితో కనీసము 15 నిమిషములు కడుగవలెను. కంటిలో పడినచో ఱెప్పలను వ్రేళ్లతో తెఱచి పట్టి, 20 నిమిషములకు తక్కువగాక నీరు పోయుచుండవలెను. ఇది క్షారమే కదా యని నిమ్మరసము, చింతపులుసు పోయువారు కలరు. అట్లు చేయరాదు, రెండును కలిసినచోట వేడి పుట్టి గాయము పెరుగును. పసుపు, వెన్న, నూనె రాయరాదు. పొరబాటున మ్రింగినచో వాంతి చేయింపరాదు. దిగునప్పుడు కాల్చినది ఎక్కునప్పుడు మరల కాల్చును.

ఆవిరి పీల్చినవానిని గాలి తగులుచోటికి చేర్చవలెను. ఈ ఆవిరి సోకినవారికి కొంతసేపు దీపముల చుట్టు వలయములు కనబడుట, చూపు మసకబారుట కలదు. కావున అట్టివాడు తానే బండి నడుపుకొని పోరాదు. దగ్గు తగ్గినదని ఇంట పరుండబెట్టరాదు. కొన్ని గంటలకు ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. 108 బండిని పిలిచి ఆసుపత్రికి తీసికొనిపోయి, పీపామీది పేరును వ్రాసికొనిగాని, సెల్‌ఫోనున ఫొటో తీసికొనిగాని వైద్యునకు చూపవలెను. ఏ పదార్థమో తెలిసిన వైద్యునకు సగము పని తగ్గును.

నూతిలోనో గోతిలోనో స్పృహ తప్పి పడినవానికొఱకు మఱియొకడు దిగరాదు. ఒక ప్రాణమునకై దిగినవారు వరుసగా పడిపోవుట మన గ్రామములలో విన్నదే.

9. సంఘము చేయదగినది

మా ఆవరణములోని పీపాల సంగతి చెప్పి ముగించెదను. మూతలు బిగించి, నిప్పునకు దూరముగా, గాలి పాఱు నీడపట్టున నిలిపి, అగ్నిమాపక కేంద్రమునకు తెలిపితిమి. అవి తొలగినవి. అమ్మిన వర్తకుడు మాత్రము సొమ్ము తిరిగి యీయలేదు. ప్రాణముతో పోల్చిన ఆ నష్టము నష్టమే కాదని మనము చెప్పవచ్చును. కాని రెండు దినముల కూలి పోయిన బీదవానికి అది నష్టమే. “మంచి పీపా కొనడానికి డబ్బుంటే ఇది ఎందుకు కొంటానండీ?” అని యతడడిగినప్పుడు నాయొద్ద సమాధానము లేకపోయెను.

సమాధానము సంఘమునొద్ద నున్నదని నా యభిప్రాయము. ఒక్కొక్కడు విడిగా పోయినచో పాత సామానుల అంగడియే గతి. నలువదిమంది కలిసి ఒక్కసారి కొన్నచో క్రొత్త పీపా వెల తగ్గును. తగ్గిన వెలను కంతులమీద చెల్లించు వీలును సంఘము కల్పింపగలదు. ఎరువులు, విత్తనములు తెప్పించు సంఘమునకు పీపాలు తెప్పించుట కష్టము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రవేశపెట్టవలెనని సభ్యులను కోరుచున్నాను. ఇప్పటికే ఇండ్లలోనున్న గుఱుతు తెలియని పీపాలను ఎవరును కోయక, కాల్చక, అమ్మక, సంఘమునకు తెలుపవలెను. గ్రామములోని వెల్డింగు పనివారికి ఈ పాఠమును చదివి వినిపింపవలెను. ప్రమాదమున మొదట పోవునది వారి ప్రాణమే.

చదివినవారు ఇంటివారిని ఈ ప్రశ్నలడుగవలెను:

మండునది ద్రవమా, ఆవిరియా? ఆ ఆవిరి పైకి పోవునా, పల్లమునకు పాఱునా? నిండు పీపాకంటె ఖాళీ పీపా ఏల ప్రేలును? పైరుమందు డబ్బామీది ఎఱుపునకును, పీపామీది ఎఱుపునకును భేదమేమి? కంటిలో పడినచో ఎన్ని నిమిషములు నీరు పోయవలెను?

ఈ అయిదింటికి ఇంటిలోని పిల్లవాడు సయితము తడుముకొనక బదులు చెప్పగలిగిన దినమున ఈ పాఠము ఆ యింట ముగిసినట్లు. మా ఆవరణమున ఆ దినము ఆపద తప్పినది చదువువలన కాదు, ఒక యిల్లాలి ముక్కువలన. ఆమె వాసన చూచి యూరకుండక నోరు తెఱచి చెప్పినది. మీ యింటనైనను, మీ వీధినైనను తెలియని పీపానుండి తెలియని కంపు వచ్చినప్పుడు మీరును అట్లే చేయుడు.